రెండు సభలనూ చూపే సేవ: సంసద్ టీవీ, డిజిటల్ సంసద్‌లపై సమీక్ష

భారత పార్లమెంటు తన పనిని పౌరుల ముందుంచడానికి రెండు సేవలను నడుపుతోంది. సమావేశాలను ప్రత్యక్షంగా ప్రసారం చేసే సంసద్ టీవీ ఒకటి. బిల్లులు, ప్రశ్నలు, చర్చల పాఠాలు, సంఘాల నివేదికలను భద్రపరచి అందరికీ అందుబాటులో ఉంచే డిజిటల్ సంసద్ వెబ్‌సైటు రెండవది. రెండింటికీ చందా లేదు. వార్తా ఛానళ్లలో కనిపించే నినాదాలు, ప్లకార్డులు, వాయిదాల దృశ్యాలతోనే పార్లమెంటు గురించి ఒక అభిప్రాయానికి వచ్చినవారికి ఈ సేవలు ఎంతవరకు ఉపయోగపడతాయో, అంతకుమించి, మన చట్టసభ రెండు సభలుగా ఎందుకు ఉందో, ఆ రెండూ కలిసి ఎలా పనిచేస్తాయో తెలుసుకోదలచినవారికి ఏమేరకు సాయపడతాయో పరిశీలించడం ఈ సమీక్ష ఉద్దేశం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ప్రసారం బాగుంది, రికార్డు అంతకన్నా బాగుంది. అయితే రెండు సభల వ్యవస్థ అసలు బలం ఏ ఒక్క సభలో జరిగే ప్రసంగంలోనూ లేదు. ఒక బిల్లు ఒక సభను దాటి మరో సభకు చేరే చోట, అక్కడ అది ఆగేచోట, మారేచోట, తిరిగి వచ్చేచోట ఉంది. ఆ దారి పొడవునా పౌరుడు వెంట నడవగలడా లేదా అన్నదే ఈ సేవలకు నేను పెట్టుకున్న పరీక్ష. ఆ పరీక్షలో ఇవి చాలావరకు నెగ్గుతాయి, ఒకటి రెండు కీలకమైన చోట్ల మాత్రం తలుపు దగ్గరే ఆగిపోతాయి.

ఈ ప్రసారాలు ఒక్కరోజులో వచ్చినవి కావు. 1989 డిసెంబరులో ఉభయ సభలను ఉద్దేశించి రాష్ట్రపతి చేసిన ప్రసంగాన్ని దూరదర్శన్ ప్రసారం చేయడంతో మొదలై, 1991 చివరికి ప్రశ్నోత్తరాల సమయం తెరమీదికి వచ్చింది. 2006లో లోక్‌సభకు, 2011లో రాజ్యసభకు సొంత ఛానళ్లు ఏర్పడ్డాయి. 2021లో ఆ రెండింటినీ కలిపి సంసద్ టీవీగా మార్చారు. సభలు నడిచే రోజుల్లో మాత్రం ఒక్కో సభకు ఒక్కో ప్రసారం విడిగా ఉంటుంది. ఈ ఏర్పాటు సరైనదే. ఎందుకంటే రెండు సభలూ ఉదయం 11 గంటలకే మొదలవుతాయి కనుక ఒకే ఛానల్ ఉంటే ఏదో ఒక సభ ప్రతిరోజూ మరుగున పడేది. ప్రసారం ముగిశాక రికార్డింగులు యూట్యూబ్‌లో ఉంటాయి కాబట్టి, ఉద్యోగాలకు వెళ్లేవారు సాయంత్రం తీరిగ్గా చూసుకోవచ్చు.

రెండు ప్రసారాలను పక్కపక్కన పెట్టి చూస్తే సభల మధ్య తేడా మొదటి గంటలోనే తెలుస్తుంది. లోక్‌సభ ప్రశ్నోత్తరాలతో మొదలవుతుంది. రాజ్యసభలో 2014 నుంచి ప్రశ్నోత్తరాలను మధ్యాహ్నం 12 గంటలకు జరిపారు కనుక అక్కడ ఉదయం వేళ శూన్య సమయానికి (సభ్యులు అత్యవసర ప్రజా సమస్యలు లేవనెత్తే జీరో అవర్‌కు) దక్కింది. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు జాబితాకెక్కుతాయి, రాజ్యసభలో 15. ఈ ప్రశ్నలకు మంత్రి సభలో లేచి సమాధానం చెప్పాలి, అనుబంధ ప్రశ్నలనూ ఎదుర్కోవాలి. నక్షత్ర గుర్తు లేని ప్రశ్నలకు రాతపూర్వక సమాధానం సరిపోతుంది. అవి లోక్‌సభలో రోజుకు 230 వరకు, రాజ్యసభలో 160 వరకు ఉంటాయి. డిజిటల్ సంసద్‌లో నేను మొదట మెచ్చుకునేది ఈ ప్రశ్నల భాండాగారాన్నే. మంత్రిత్వ శాఖ పేరుతోనో, సభ్యుడి పేరుతోనో, సమావేశాల సంఖ్యతోనో వెతికితే ప్రశ్న, దానికి జతచేసిన పట్టికలతో సహా సమాధానం చేతికి వస్తాయి. ఒక రైల్వే లైను పనుల గురించో, ఒక పథకం కింద విడుదలైన నిధుల గురించో ప్రభుత్వమే సభకు బాధ్యతగా ఇచ్చిన సమాచారం అది. సభను తప్పుదారి పట్టించే జవాబిస్తే హక్కుల ఉల్లంఘన నోటీసును ఎదుర్కోవలసి వస్తుంది కనుక పత్రికా ప్రకటనకు లేని బరువు దానికి ఉంది. పోటీ పరీక్షలకు చదివేవారు, గ్రామీణ విలేకరులు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు ఈ విభాగాన్ని ఇప్పుడు వాడుకుంటున్నదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా వాడుకోవాలని నా కోరిక.

సభల నిర్మాణాన్ని క్లుప్తంగా చెప్పుకుంటే మిగతా విషయం సులభమవుతుంది. లోక్‌సభకు 543 మందిని ప్రజలు నేరుగా ఎన్నుకుంటారు. అయిదేళ్ల గడువు ముగిసినా, ముందే రద్దయినా ఆ సభ మొత్తం ఒకేసారి మారిపోతుంది. రాజ్యసభలో 245 స్థానాలున్నాయి. వాటిలో 233 స్థానాలకు రాష్ట్రాల, కొన్ని కేంద్రపాలిత ప్రాంతాల శాసనసభ్యులు ఎన్నుకుంటారు, 12 మందిని రాష్ట్రపతి నామినేట్ చేస్తారు. అది ఎన్నడూ రద్దు కాదు. రెండేళ్లకొకసారి మూడోవంతు సభ్యులు పదవీ విరమణ చేస్తారు. అంటే లోక్‌సభలో ఈరోజు కనిపించేది ఒకే ఎన్నికలో దేశం చెప్పిన మాట. రాజ్యసభలో కనిపించేది మూడు వేర్వేరు కాలాల్లో రాష్ట్రాలు చెప్పిన మాటల కలయిక. లోక్‌సభలో తిరుగులేని ఆధిక్యం ఉన్న ప్రభుత్వం కూడా రాజ్యసభలో మద్దతు కూడగట్టుకోవలసి రావడానికి కారణం ఇదే. మంత్రిమండలి మాత్రం లోక్‌సభకే జవాబుదారీ. అవిశ్వాస తీర్మానం అక్కడే పుడుతుంది, అక్కడే తేలుతుంది.

ఇక బిల్లు ప్రయాణం. ఈ సేవలను మొదటిసారి వాడేవారికి నేను ఎప్పుడూ సూచించే ఉదాహరణ అద్దెగర్భం నియంత్రణ బిల్లు. 2019 ఆగస్టు 5న లోక్‌సభ దాన్ని ఆమోదించింది. ఆ రోజు దేశం దృష్టి అంతా జమ్మూకశ్మీర్ మీద ఉంది. ఇంత సున్నితమైన బిల్లు ఎవరికీ పెద్దగా పట్టకుండానే సభ దాటింది. రాజ్యసభకు వచ్చాక సభ్యులు అభ్యంతరాలు లేవనెత్తారు, 2019 నవంబరులో దాన్ని సెలెక్ట్ కమిటీకి (ఆ ఒక్క బిల్లును పరిశీలించడానికే ఏర్పడే సభ్యుల సంఘానికి) పంపారు. 2020 ఫిబ్రవరిలో కమిటీ నివేదిక ఇచ్చింది. పెళ్లయిన అయిదేళ్లపాటు సంతానం కలగకపోతేనే వంధ్యత్వంగా పరిగణించాలన్న నిర్వచనాన్ని తొలగించాలని, వితంతువులకు, విడాకులు పొందిన మహిళలకు కూడా అవకాశం ఇవ్వాలని, దగ్గరి బంధువే గర్భం మోయాలన్న నిబంధన ఆచరణలో మహిళలకు ఇక్కట్లు తెస్తుందని అందులో చెప్పారు. మార్పులు చేసిన బిల్లును రాజ్యసభ 2021 డిసెంబరు 8న ఆమోదించింది, ఆ మార్పులకు లోక్‌సభ డిసెంబరు 17న ఒప్పుకుంది. ఇంత ప్రయాణం వెబ్‌సైటులో బిల్లు పేరు కొడితే తేదీల వరుసలో కనిపిస్తుంది. ప్రవేశపెట్టినప్పటి పాఠం, మొదటి సభ ఆమోదించిన పాఠం, ఉభయ సభలూ ఆమోదించిన పాఠం విడివిడి పత్రాలుగా ఉంటాయి. మొదటి పాఠాన్నీ చివరి పాఠాన్నీ పక్కపక్కన పెట్టుకుని ఒక్కొక్క క్లాజే చదవండి. ఎగువ సభ దేనికన్న ప్రశ్నకు ఏ పాఠ్యపుస్తకమూ ఇంతకంటే సూటిగా జవాబు చెప్పలేదు. ఒక వితంతువుకు చట్టంలో చోటు దొరికిందంటే, అది రెండో సభ ఆ బిల్లును వెంటనే పంపించేయకుండా ఆపి చదివినందువల్లే.

ఇక్కడే తెరమీద గమనించవలసిన చిన్న ఘట్టం ఒకటి ఉంది. చర్చ మధ్యలో సభ సచివాలయ అధిపతి అయిన సెక్రటరీ జనరల్ లేచి, అవతలి సభ నుంచి వచ్చిన సందేశాన్ని సభకు నివేదిస్తారు. ఫలానా బిల్లును ఫలానా తేదీన ఆ సభ ఆమోదించిందనో, సవరణలతో తిప్పి పంపుతోందనో నాలుగు వాక్యాలు చదివి కూర్చుంటారు. చాలామంది ఆ సమయంలో లేచి బయటికి వెళుతుంటారు, కెమెరా కూడా అక్కడ ఎక్కువసేపు నిలవదు. కానీ రెండు సభల మధ్య రాజ్యాంగబద్ధమైన మాటామంతీ అంతా ఆ నాలుగు వాక్యాల్లోనే జరుగుతుంది. ఒక సభ మరో సభతో సందేశాల ద్వారా తప్ప మాట్లాడదు. ఈ ఘట్టం దగ్గర తెరమీద బిల్లు పేరు, అది ఏ దశలో ఉందో చూపే ఒక పంక్తి వేస్తే ప్రేక్షకుడికి ఎంతో ఉపకారం చేసినట్టవుతుంది.

రెండు సభలకూ సామరస్యం కుదరకపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు 108వ అధికరణం ఉభయ సభల సంయుక్త సమావేశాన్ని మార్గంగా చూపింది. ఒక సభ బిల్లును తిరస్కరించినా, సవరణలపై రాజీ కుదరకపోయినా, ఆరు నెలలు దాటినా తేల్చకపోయినా రాష్ట్రపతి సంయుక్త సమావేశానికి పిలుపునివ్వవచ్చు. స్పీకర్ అధ్యక్షత వహిస్తారు, అందరూ కలిసి ఓటు వేస్తారు. సంఖ్యాబలం వల్ల అక్కడ లోక్‌సభ మాటే నెగ్గే అవకాశం ఎక్కువ. అయినా బిల్లుల కోసం ఇది జరిగింది మూడుసార్లే: 1961లో వరకట్న నిషేధ బిల్లుకు, 1978లో బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు బిల్లుకు, 2002లో ఉగ్రవాద నిరోధక బిల్లుకు. తక్కిన సందర్భాలన్నిటిలో సభలు సర్దుకున్నాయి, లేదా బిల్లులు ఆగిపోయాయి. 1961 నాటి చర్చల పాఠం నేటికీ చదవదగినది. వరకట్నం అంటే ఏమిటో చట్టంలో ఎలా నిర్వచించాలన్న విషయం మీద రెండు సభలూ ఎంత లోతుగా తగువుపడ్డాయో అందులో ఉంది.

ద్రవ్య బిల్లుల (పన్నులు, ప్రభుత్వ రుణాలు, ఖజానా ఖర్చుల వంటి విషయాలకే పరిమితమైన బిల్లుల) దగ్గర కథ వేరు. అవి లోక్‌సభలోనే పుట్టాలి. రాజ్యసభ 14 రోజుల్లో సిఫారసులతోనో, సిఫారసులు లేకుండానో తిప్పి పంపాలి. ఆ సిఫారసులను లోక్‌సభ తోసిపుచ్చవచ్చు. ఫలానాది ద్రవ్య బిల్లా కాదా అన్న నిర్ణయం స్పీకర్‌ది. ఆచరణలో ఇది ఎలా ఉంటుందో చూడాలంటే 2016 మార్చి 16 నాటి రెండు సభల రికార్డింగులను ఒకదాని తర్వాత ఒకటి చూడాలి. ఆధార్ బిల్లు ద్రవ్య బిల్లుగా వచ్చింది. రాజ్యసభ అయిదు సవరణలు సిఫారసు చేసి పంపింది. అదే రోజు సాయంత్రం లోక్‌సభ వాటిని తోసిపుచ్చి బిల్లును ఖాయం చేసింది. 2018లో సుప్రీంకోర్టు ధర్మాసనం మెజారిటీ తీర్పు దాన్ని ద్రవ్య బిల్లుగా సమర్థించింది, ఒక న్యాయమూర్తి గట్టిగా విభేదించారు. ఏ పక్షం సరైనదని పాఠకులు భావించినా, ఒక్క రోజు రికార్డులో ఎగువ సభ హద్దు ఎక్కడుందో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. బడ్జెట్ పద్దులపై ఓటు కూడా లోక్‌సభదే. రాజ్యసభ చర్చిస్తుంది, ఓటు వేయదు.

రాజ్యాంగ సవరణల దగ్గర మాత్రం రెండు సభలూ సరిసమానం. అక్కడ సంయుక్త సమావేశమన్న మాటే లేదు. ప్రతి సభలోనూ విడిగా, మొత్తం సభ్యుల్లో సగానికి మించి, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండు వంతులకు తగ్గకుండా మద్దతు రావాలి. రాజభరణాల (మాజీ సంస్థానాధీశులకు ప్రభుత్వం చెల్లించే భత్యాల) రద్దు కోసం 1970లో తెచ్చిన సవరణ బిల్లు లోక్‌సభలో నెగ్గి, సెప్టెంబరు 5న రాజ్యసభలో వీగిపోయింది. అనుకూలంగా 149, వ్యతిరేకంగా 75. మొత్తం 224 ఓట్లలో మూడింట రెండు వంతులు 149 దాటి మరో మూడోవంతు. ఒక పూర్తి ఓటు కూడా కాదు, ఓటులో భిన్నం తక్కువైంది. తర్వాత ప్రభుత్వం రాష్ట్రపతి ఉత్తర్వుతో పని జరిపించాలని చూడగా సుప్రీంకోర్టు కొట్టివేసింది. 1971 ఎన్నికల తర్వాత గానీ 26వ సవరణ ద్వారా రాజభరణాలు రద్దు కాలేదు. 1989లో పంచాయతీరాజ్ సవరణ బిల్లుకూ రాజ్యసభలో ఇదే గతి పట్టింది. దాని తర్వాతి రూపమే 73వ సవరణ. రాజ్యసభ చర్చల పాఠాలు 1952 నుంచీ వెబ్‌లో ఉన్నాయి కనుక ఆనాటి ఓటింగు జాబితాలో ఎవరెవరు ఎటువైపు నిలిచారో పేరు పేరునా చదువుకోవచ్చు. ఏ రుసుమూ లేకుండా ఇది ఇంట్లో కూర్చుని చదివే వీలు కల్పించడం ఈ సేవల్లోకెల్లా గొప్ప గుణమని నా గట్టి నమ్మకం.

మహిళా రిజర్వేషన్ బిల్లు చరిత్ర కూడా రికార్డులో వెంటాడదగినది. 2010 మార్చి 9న రాజ్యసభ ఆమోదించిన ఆ బిల్లు లోక్‌సభలో చర్చకు రాకుండానే 2014లో సభ రద్దుతో మురిగిపోయింది. రాజ్యసభలో పుట్టి అక్కడే పెండింగులో ఉన్న బిల్లు లోక్‌సభ రద్దయినా బతికే ఉంటుంది, లోక్‌సభకు చేరిన బిల్లు ఆ సభతోపాటే పోతుంది. 2023 సెప్టెంబరు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ కొత్త బిల్లును ఆమోదించాయి. లోక్‌సభలో 454 మంది అనుకూలం, ఇద్దరు వ్యతిరేకం. రాజ్యసభలో 214 మంది అనుకూలం, వ్యతిరేకంగా ఒక్కరూ లేరు.

తెలుగువారికి ఈ సేవల విలువ వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లును ఆమోదిస్తున్న వేళ ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. సాంకేతిక కారణమని వివరణ వచ్చింది, కావాలనే ఆపారని విమర్శ వచ్చింది. ఆ వివాదంలోకి నేను వెళ్లను. రెండు ప్రాంతాల ప్రజల భవిష్యత్తును తేల్చే గంటలో వారు తెరమీద తమ సభను చూడలేకపోయారన్నది మాత్రం వాస్తవం, ప్రసారం ఒక అలంకారం కాదని ఆ రోజే తెలిసింది. రెండు రోజుల తర్వాత, ఫిబ్రవరి 20న, బిల్లు రాజ్యసభకు వచ్చింది. అప్పటికి పదిహేనో లోక్‌సభ చివరి సమావేశాలు ముగింపు దశలో ఉన్నాయి. రాజ్యసభ ఒక్క సవరణ చేసినా బిల్లు మళ్లీ లోక్‌సభకు వెళ్లి ఆమోదం పొందాలి. సవరణలు ప్రతిపాదనకు వచ్చాయి, ఏదీ బిల్లులో చేరలేదు. బదులుగా ప్రధాని మన్మోహన్ సింగ్ సభలో ఒక ప్రకటన చేశారు. పదమూడు జిల్లాల ఆంధ్రప్రదేశ్‌కు అయిదేళ్లపాటు ప్రత్యేక హోదా ఇస్తామన్న మాట ఆ ప్రకటనలోనిదే. చట్టంలో అది లేదు. తర్వాతి పదేళ్ల రాజకీయమంతా చట్టంలో లేని, రాజ్యసభ రికార్డులో ఉన్న ఆ వాక్యం చుట్టూ తిరిగింది.

ఈ ఒక్క ఉదాహరణలో రెండు సభల వ్యవస్థ బలమూ బలహీనతా రెండూ ఉన్నాయి. రెండో సభ ఉండబట్టే మరోసారి అడిగే చోటు దొరికింది, ఆ చోట ఒక హామీ వచ్చింది. గడువు ముంచుకొచ్చినందువల్ల రెండో సభ తన అసలు ఆయుధమైన సవరణను వాడలేకపోయింది. సభలో మంత్రులిచ్చిన హామీలు అమలయ్యాయో లేదో చూడడానికి రెండు సభల్లోనూ ప్రభుత్వ హామీల సంఘాలున్నాయి, వాటి నివేదికలు కూడా డిజిటల్ సంసద్‌లో ఉంటాయి. వాటిని చదివే అలవాటు మన పత్రికల్లో తక్కువగా ఉంది. పెరగాలి.

ఇక లోపాలు. మొదటిది మూజువాణి ఓటు. ఎక్కువ బిల్లులు ‘అవును’, ‘కాదు’ అన్న కేకల మీదే ఆమోదం పొందుతాయి. సభ్యుడెవరైనా డివిజన్ (ఓట్ల లెక్కింపు) కోరితేనే ఎవరు ఎటు ఓటేశారో నమోదవుతుంది. లేకపోతే చర్చల పాఠంలో ప్రతిపాదన ఆమోదం పొందిందన్న ఒక్క వాక్యమే మిగులుతుంది. నా నియోజకవర్గ సభ్యుడు ఈ బిల్లుకు మద్దతిచ్చాడా అన్న ప్రశ్నకు అప్పుడు రికార్డులో సమాధానం ఉండదు. ఇది వెబ్‌సైటు తప్పు కాదు, సభల పద్ధతి. అయినా సేవను వాడేవారికి ఎదురయ్యే మొదటి గోడ ఇదే. పార్టీ ఫిరాయింపుల నిరోధక నిబంధనలు 1985లో పదో షెడ్యూలుగా వచ్చాక విప్ (ఎటు ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం) ధిక్కరిస్తే సభ్యత్వమే పోయే ప్రమాదం ఉంది కనుక ఓటు ఎటూ పార్టీదే కదా అని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. పార్టీ మాట విని ఓటేసినా, ఆ ఓటు పేరుతో నమోదైతేనే సభ్యుడు తన ఓటర్లకు కారణం చెప్పవలసి వస్తుంది.

రెండవది, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది, స్థాయీ సంఘాలు. మంత్రిత్వ శాఖల వారీగా 24 సంఘాలున్నాయి. ఒక్కో సంఘంలో 31 మంది: లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. రెండు సభల సభ్యులు ఏడాది పొడవునా ఒకే బల్ల చుట్టూ కూర్చుని పనిచేసే చోటు ఇదే. అధికారులను పిలిచి ప్రశ్నిస్తారు, నిపుణుల మాట వింటారు, బిల్లును పంక్తి పంక్తీ చదువుతారు. పార్టీ విప్ అక్కడ పనిచేయదు కనుక సభ్యులు తమ బుద్ధితో మాట్లాడే వీలుంటుంది. కానీ ఆ సమావేశాలు ఏకాంతంగా జరుగుతాయి, కెమెరాకు ప్రవేశం లేదు. కాబట్టి సంసద్ టీవీలో కనిపించేది విడివిడిగా నడిచే రెండు సభలు, కనిపించనిది అవి కలిసి చేసే పని. బ్రిటన్ పార్లమెంటులో సంఘాలు సాక్ష్యం తీసుకునే సమావేశాలు చాలావరకు బహిరంగంగా జరుగుతాయి, ప్రసారమవుతాయి. అమెరికా కాంగ్రెస్ విచారణలూ అంతే. దేశ భద్రత వంటి విషయాలను మినహాయించి కనీసం నిపుణుల సాక్ష్యాల వరకైనా ఇక్కడ ప్రసారం చేయాలి. కెమెరా వస్తే సభ్యులు గ్యాలరీ కోసం మాట్లాడతారన్న వాదన బలమైనదేనని తెలుసు, అందుకే సభ్యులు తమలో తాము చర్చించుకునే సమావేశాలను నేను అడగడం లేదు. ప్రస్తుతానికి నివేదికలే దిక్కు. వాటి చివర జతచేసే సమావేశాల వివరాలు, అసమ్మతి పత్రాలు వదలకుండా చదివితే గదిలో ఏం జరిగిందో కొంత ఊహకు అందుతుంది.

మూడవది భాష. రాజ్యాంగం 120వ అధికరణం ప్రకారం సభా కార్యకలాపాలు హిందీలోనో ఇంగ్లీషులోనో నడుస్తాయి, మాతృభాషలో మాట్లాడడానికి సభాధ్యక్షులు అనుమతించవచ్చు. తెలుగు సభ్యుడు తెలుగులో మాట్లాడితే సభలో ఉన్నవారికి తక్షణ అనువాదం అందుతుంది. కానీ చర్చల పాఠం తెరిస్తే ఆ ప్రసంగం ఇంగ్లీషు అనువాదంగా కనిపించడం, కింద ‘మూల ప్రసంగం తెలుగులో’ అన్న సూచన ఉండడం రివాజు. తెలుగువారి కోసం తెలుగులో అన్న మాట తెలుగు పాఠకుడికి మళ్లీ ఇంగ్లీషులో చేరుతుంది. మూల పాఠాన్ని మూల లిపిలో అచ్చు వేసి, అనువాదాన్ని పక్కన ఉంచితే సరిపోతుంది. ఇది అసాధ్యమేమీ కాదు.

రికార్డును చదివేటప్పుడు తెలిసి ఉండవలసిన సంగతి ఒకటి. సభాధ్యక్షులు తొలగించమన్న మాటలు పాఠంలో ఉండవు, వాటి చోట చుక్కలో నక్షత్రాలో ఉంటాయి. సభ్యులు ఒక్కుమ్మడిగా అరిచిన చోట ‘అంతరాయాలు’ అన్న ఒక్క మాట మాత్రమే ఉంటుంది. గంటసేపు సాగిన గందరగోళం కాగితం మీద అరపంక్తికి కుదించుకుపోవచ్చు. అందువల్ల వివాదాస్పదమైన రోజుకు వీడియోను, సాధారణమైన రోజుకు పాఠాన్ని ఆశ్రయించడం మంచిది. ఏ బిల్లుకు ఏ నిర్ణయం జరిగిందో మాత్రమే కావాలనుకుంటే లోక్‌సభ బులెటిన్ మొదటి భాగం చాలు. అందులో ప్రసంగాలు ఉండవు, ప్రతిపాదనలు, ఓట్ల ఫలితాలు మాత్రమే వరుసగా ఉంటాయి.

కొత్తగా చూడదలచినవారు పెద్ద నాయకుల ప్రసంగాలతో మొదలుపెట్టకపోవడమే మంచిది. ఆ ప్రసంగాలు ఎలాగూ అన్ని చోట్లా దొరుకుతాయి. సమావేశాలు జరుగుతున్నప్పుడు ఒక చిన్న బిల్లును ఎంచుకోండి. ముందురోజు వెబ్‌సైటులో ఉంచే కార్యక్రమాల జాబితాలో అది ఎప్పుడు వస్తుందో చూసుకోండి, బిల్లు చివర ఉండే ఉద్దేశాలు, కారణాల ప్రకటన చదవండి. చర్చ మొత్తం చూసే తీరిక లేకపోతే, మంత్రి సమాధానం తర్వాత క్లాజుల వారీగా పరిశీలన జరిగే ఘట్టాన్ని మాత్రం వదలవద్దు. ఎవరు సవరణ ప్రతిపాదించారు, ఎవరు ఉపసంహరించుకున్నారు, దేనిపై డివిజన్ అడిగారు అన్నవి అక్కడే తెలుస్తాయి. ఆ తర్వాత అదే బిల్లు రెండో సభలో వచ్చే రోజు కోసం వేచి చూడండి. మొదటి సభలో సమాధానం దొరకని అభ్యంతరాన్ని రెండో సభలో మరొకరు అందుకుంటారేమో, మంత్రి జవాబు ఈసారి మారుతుందేమో గమనించండి. శుక్రవారం మధ్యాహ్నాల్లో వచ్చే ప్రైవేటు సభ్యుల బిల్లులు కూడా చూడదగినవే. వాటిలో చట్టమైనవి స్వాతంత్ర్యం వచ్చాక 14 మాత్రమే, 1970 తర్వాత ఒక్కటీ లేదు. అయినా పార్టీ గీతలు కాస్త సడలి, సభ్యులు తమకు పట్టిన విషయం మీద మనసు పెట్టి మాట్లాడేది ఆ పూటే. 2015 ఏప్రిల్ 24న ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులపై తిరుచ్చి శివ పెట్టిన ప్రైవేటు బిల్లును రాజ్యసభ ఆమోదించిన చర్చ వాటిలో ముందుగా వెతికి చదవదగినది.